454 కోట్ల ఏళ్ళు అంటే ఎంత? పాపకి ఎలా చెప్పాలి?

కొర్లగుంట టైలరమ్మ:
తిరుపతిలో ఇంట్లోనే జాకెట్లు కుడతాను. నా లెక్కలన్నీ అంగుళం, అర అంగుళం, కాలు అంగుళం. పాప ఎనిమిదో తరగతి. పోయిన ఆదివారం కొండమీద శిలాతోరణం చూపించాను. అక్కడ అడిగింది: "భూమి వయసు 454 కోట్ల ఏళ్ళని పరీక్షలో రాస్తానమ్మా, కానీ నాకు లక్షకీ కోటికీ తేడానే తెలియట్లేదు." నాకూ తెలియట్లేదు.

ఆ రాత్రి నా కొలత టేపు నేలమీద పరిచాను. 60 అంగుళాలు. మొత్తం భూమి వయసు అనుకుంటే ఒక్కో అంగుళం ఏడున్నర కోట్ల ఏళ్ళు. డైనోసార్లు పోయి 6.6 కోట్ల ఏళ్ళట, అంటే అవి పోయింది చివరి అంగుళంలోనే. మనిషి పుట్టి 3 లక్షల ఏళ్ళు. దానికి చోటు వెతికితే టేపు అంచున దారం మందం కూడా రాలేదు. పాప ముఖం చిన్నబోయింది. ఇంతకంటే పెద్ద కొలత ఏదైనా చెప్పండి. ఇంకోటి, ఆ 454 ఎవరు లెక్కపెట్టారు, ఎలా?

ఎస్వీయూ పాత విద్యార్థి:
అమ్మా, నేను జియాలజీ చదివాను. ముందు రెండో ప్రశ్న. గ్రానైట్‌లో జిర్కాన్ అనే స్ఫటికాలు ఉంటాయి, చాలావాటిది చక్కెర పలుకంత సైజు కూడా ఉండదు. కరిగిన రాయి గట్టిపడేటప్పుడు జిర్కాన్ యురేనియాన్ని లోపలికి రానిస్తుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. ఆ యురేనియం నిదానంగా సీసంగా మారుతుంది. యురేనియం 238 అయితే సగం మారడానికి 447 కోట్ల ఏళ్ళు. లోపల ఎంత సీసం పోగైందో కొలిస్తే రాయి వయసు తెలుస్తుంది. ఆస్ట్రేలియాలో దొరికిన ఒక జిర్కాన్ వయసు 440 కోట్లు. మరి భూమి పుట్టినప్పటి రాళ్ళు మిగల్లేదు కదా, అందుకని అమెరికా శాస్త్రవేత్త క్లెయిర్ ప్యాటర్సన్ భూమితోపాటే పుట్టిన ఉల్కల్లోని సీసాన్ని కొలిచాడు. 1956లో 455 కోట్లని ప్రకటించాడు. ఇప్పటి లెక్క దానికి దాదాపు అంతే.

ఈసారి కొండెక్కేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చోండి. ఘాట్ రోడ్డు కోతల్లో కింద గ్రానైట్, పైన పొరలు పొరలుగా క్వార్ట్‌జైట్ కనిపిస్తాయి. శిలాతోరణం కూడా ఆ క్వార్ట్‌జైటే, ఒకప్పటి ఇసుక. గ్రానైట్ వయసు 210 కోట్లకు పైన, క్వార్ట్‌జైట్ 160 కోట్లు. రెండూ కలిసే గీత మీద చెయ్యి పెడితే అరచేతి కింద కనీసం 50 కోట్ల ఏళ్ళు లేవు! గ్రానైట్ గట్టిపడింది భూమి లోతుల్లో. మీదున్నదంతా అరిగి అది బయటపడాలి, ఆ తర్వాత నీళ్ళు ఇసుకను తెచ్చి దానిమీద పరవాలి. ఆ మధ్యకాలానికి ఇక్కడ రాయి సాక్ష్యం లేదు. రెండు రాళ్ళూ కలిసే ఈ గీతను జియలాజికల్ సర్వే జాతీయ స్మారకంగా ప్రకటించింది. రోజూ వేలమంది దాని పక్కనుంచే పోతున్నాం, మనలో ఎంతమందికి తెలుసు?

పూతలపట్టు బోరు లారీ:
అక్కా, నేను బోర్లు వేస్తాను. మట్టి, మెత్తరాయి దాటినాక బూడిద రంగు పొడి మొదలవుతుంది. వెయ్యి అడుగులు దిగినా అదే పొడి, అదే రాయి. నీళ్ళు పడక రైతు తల పట్టుకుని కూర్చుంటాడు. ఆ రాయికి ఇంత వయసుందని ఈరోజే తెలిసింది.

కాణిపాకం:
సంకల్పంలో చెప్పుకునే కల్పం 432 కోట్ల ఏళ్ళు. అది పురాణాల లెక్క, ఇది రాయిలో కొలిచిన లెక్క. అంకెలు దగ్గరగా ఉన్నాయని రెండూ ఒకటే అని పాపకి చెప్పకండి. కోట్లంటే మన పెద్దలు బెదరలేదని మాత్రం చెప్పండి. టేపు చాలకపోతే అలిపిరి మెట్లున్నాయి కదమ్మా.

కొర్లగుంట టైలరమ్మ:
అందరికీ దణ్ణాలు. మా అత్తకి మెట్టుమెట్టుకీ పసుపు కుంకుమ పెట్టే మొక్కు ఉంది. మొన్న శనివారం ముగ్గురం అలిపిరి నుంచి ఎక్కాం. 3,550 మెట్లు. ఒక్కోటి దాదాపు 12 లక్షల 80 వేల ఏళ్ళు. అత్త పసుపు పెట్టింది, నేను కుంకుమ, పాప నోటుబుక్కులో లెక్క.

813వ మెట్టు దగ్గర పాప కేకేసింది, "జేజీ, జీవం మొదలైంది!" అప్పటికే నా నడుము పట్టేసింది. ఆ తర్వాత ఎక్కుతూనే ఉన్నాం, లోకంలో ఉన్నవి కంటికి కనిపించని జీవులే. 1,908కి ఘాట్ రోడ్డు గ్రానైట్. క్వార్ట్‌జైట్‌కి ఇంకా 391 మెట్లు వంగి లేవాలి. మీరు చెప్పిన ఆ లేని 50 కోట్లు నాకు అక్కడ తెలిసొచ్చాయి సార్. చేతికి పసుపు అంటుకుపోయి, చెమట కళ్ళల్లోకి కారుతూ, అవతల ఇంకా ఎన్ని మెట్లో కనపడకుండా.

నేలమీద మొక్కలు వచ్చింది 3,183 దగ్గర. అంతవరకూ కొండలన్నీ బోడి కొండలేనని పాప చెప్తే అత్త చుట్టూ ఉన్న చెట్లవైపు చూస్తూ నిలబడిపోయింది. డైనోసార్లు 3,370కి వచ్చి, ఇంకా 52 మెట్లు ఉండగానే పోయాయి.

చివరి మెట్టు అడుగు వెడల్పనుకున్నాం. మనుషుల వాటా మూడంగుళాల కంటే కాస్త తక్కువ. అత్త నాలుగు వేళ్ళు పసుపులో ముంచి మెట్టు అంచున ఆనించింది. వెయ్యేళ్ళంటే ఎంతమ్మా అని పాపని అడిగాను. నోటుబుక్కులోంచి రెండు కాగితాలు చించి, కలిపి పట్టుకుని, ఆ పసుపు పక్కన నిలబెట్టింది.