సిడ్నీ ఇంటిపై కేవియట్: ఖర్చులు లాయరు దగ్గర రాబట్టొచ్చా?

ప్రశ్న (మారతహళ్లి, బెంగళూరు):
అన్నయ్యవాళ్లు సిడ్నీ వదిలి ఇక్కడికి వచ్చేశారు. అక్కడి ఇల్లు అమ్ముతున్నారు. సెటిల్‌మెంట్ (డబ్బు కట్టి ఇల్లు చేతులు మారే రోజు) దగ్గరపడ్డాక, పాత వ్యాపార భాగస్వామి తనకు బాకీ ఉందంటూ లాయరు చేత టైటిల్ (ఇంటి యాజమాన్య రికార్డు) మీద కేవియట్ వేయించాడు. అందులో చేబదులు మాట తప్ప ఇంకేమీ లేదు. తనఖా లేదు, ఇంటిని హామీగా రాసిచ్చిందీ లేదు. టెన్షన్‌తో వదినకు నిద్ర కూడా పట్టడం లేదు. ఏ లాయరైనా ఇలా ఎలా వేస్తాడండీ?

జవాబు:
మన సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) 148ఏ కింద, మా మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని కోర్టులో వేసే కేవియట్‌తో దీన్ని కలపకండి. అక్కడిది టైటిల్ మీదే ఉండి బదిలీని రిజిస్టర్ కానివ్వదు. ఉత్త బాకీతో భూమిలో హక్కు పుట్టదు. న్యూసౌత్‌వేల్స్ రియల్ ప్రాపర్టీ చట్టం, 1900 ప్రకారం ల్యాప్సింగ్ నోటీసు (కేవియట్‌కు గడువు పెట్టే నోటీసు) ఇస్తే, అది అందిన 21 రోజుల్లో అవతలివాళ్లే ఆ రాష్ట్ర సుప్రీం కోర్టు నుంచి పొడిగింపు తెచ్చుకోవాలి, లేకపోతే కేవియట్ పోతుంది. అంత టైమ్ లేకపోతే అదే చట్టం సెక్షన్ 74ఎంఏ కింద కేవియట్ ఉపసంహరణ ఉత్తర్వు మీరే అడగొచ్చు.

ఇంకో జవాబు:
ఖర్చులు మామూలుగా ఓడినవాళ్లే కడతారు. సరైన కారణం లేకుండా వేస్తే, నష్టపరిహారానికి ఆ రియల్ ప్రాపర్టీ చట్టంలోనే సెక్షన్ 74పీ ఉంది. లాయరు మీదికి వెళ్లాలంటే న్యూసౌత్‌వేల్స్ సివిల్ ప్రొసీజర్ చట్టం, 2005లో సెక్షన్ 99. లాయరు తీవ్రమైన నిర్లక్ష్యమో అసమర్థతో దుష్ప్రవర్తనో, లేదా ఆయన బాధ్యత వల్ల ఖర్చులు అనుచితంగానో సరైన కారణం లేకుండానో అయ్యాయనో చూపించాలి, క్లయింటు ఓడిపోతే చాలదు. ముందు ఆ లాయరుకే లెటర్ రాయించండి: ఆధారం చూపండి, లేదా ఫలానా తేదీలోగా తీసేయండి అని. తర్వాత జడ్జి ముందు పనికొచ్చేది ఆ లెటరే.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్సండీ. అఫిడవిట్ నేనివ్వొచ్చా?

జవాబు:
బాకీ సంగతి స్వయంగా తెలిసింది మీ అన్నయ్యకే. ఆయన చేతే ఇప్పించండి.