క్రీడా సంఘాల పగ్గాలు ఆటగాళ్లకే ఇవ్వాలా?

పటమట_వాసి:

2019 నవంబరులో బ్యాంకాక్‌లో జరిగిన ఆసియా ఆర్చరీ (విలువిద్య) చాంపియన్‌షిప్‌లో మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ, అభిషేక్ వర్మతో కలిసి కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ (కప్పీలున్న విల్లుతో ఒక అమ్మాయి, ఒక అబ్బాయి జట్టుగా ఆడేది) స్వర్ణం గెలిచింది. గెలిచింది గానీ మన జెండా ఎగరలేదు. మనవాళ్లంతా ప్రపంచ ఆర్చరీ సమాఖ్య జెండా కింద ఆడాల్సి వచ్చింది. ఆ ఏడాది జూన్‌లో భారత ఆర్చరీ సంఘంలోని రెండు వర్గాలు ఢిల్లీలో ఒకటి, చండీగఢ్‌లో ఒకటి ఎన్నికలు పెట్టుకుని ఇద్దరు అధ్యక్షుల్ని ఎన్నుకున్నాయి. ఆగస్టులో సమాఖ్య మన సంఘాన్ని సస్పెండ్ చేసింది. కొట్టుకున్నది పెద్దలు, శిక్ష పడింది పిల్లలకి.

ఈ గొడవకి మూలం పాతది. 1973లో సంఘం పుట్టిన దగ్గర్నుంచి దాదాపు నలభై ఏళ్లు విజయ్ కుమార్ మల్హోత్రా గారే అధ్యక్షులు. 2012లో ఎనభై ఏళ్ల వయసులో మళ్లీ ఎన్నికయ్యారు. వయసు, పదవీకాలం నిబంధనలు పాటించలేదని కేంద్ర క్రీడా శాఖ సంఘం గుర్తింపు తీసేసింది. అక్కడి నుంచి కోర్టుల చుట్టూ తిరగడమే సరిపోయింది. అందుకే అంటున్నాను, ఆ ఆట ఆడినవాళ్లకి తప్ప ఇంకెవరికీ ఆ కుర్చీ ఇవ్వకూడదు.

బ్రాడీపేట_నాలుగో_లైను:

ఒప్పుకోను. 1973లో ఆర్చరీని పట్టించుకున్న నాథుడు ఎవరండీ? గ్రౌండు, నిధులు, విదేశీ టూర్లకి అనుమతులు కావాలంటే ఢిల్లీలో మాట చెల్లేవాళ్లు ఉండాలి. 2020 జనవరిలో మళ్లీ ఎన్నికలు జరిగితే గెలిచింది అప్పటి కేంద్ర మంత్రి అర్జున్ ముండా. ఆయన హయాంలోనే హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఆర్చరీలో తొమ్మిది పతకాలొచ్చాయి. అందులో జ్యోతి సురేఖవే మూడు స్వర్ణాలు. మరి ఒకప్పటి పరుగుల రాణి పి.టి.ఉష అధ్యక్షురాలయ్యాక భారత ఒలింపిక్ సంఘంలో గొడవలు ఆగాయా? సీఈఓ నియామకం మీదే ఆమెకీ కార్యవర్గానికీ పడలేదు.

కృష్ణలంక_కుర్రాడు:

మీరిద్దరూ కుర్చీలో ఎవరు కూర్చోవాలని వాదిస్తున్నారు. వాళ్లని కూర్చోబెట్టేది ఎవరో చూడండి.

2022 భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఎన్నికే తీసుకోండి. అధ్యక్ష పదవికి భారత జట్టు మాజీ కెప్టెన్ బైచుంగ్ భూటియా నిలబడ్డాడు. ఆయన పేరు ప్రతిపాదించింది మన ఆంధ్ర సంఘం ప్రతినిధి, బలపరిచింది రాజస్థాన్. ఫలితం 33–1. పేరు ప్రతిపాదించినవాళ్లు, బలపరిచినవాళ్లు కలిపితేనే రెండు ఓట్లు రావాలి, ఒక్కటే వచ్చింది. ఆట నుంచి తప్పుకున్నవాళ్లలో అంత పేరున్న ఫుట్‌బాల్ ఆటగాళ్లు అప్పటికి ఎంతమంది ఉన్నారు? పైగా గెలిచిన కల్యాణ్ చౌబే కూడా మాజీ గోల్‌కీపరే. ఇద్దరూ ఆటగాళ్లే అయినప్పుడు ఆటగాడు కావాలన్న షరతు ఏం తేల్చినట్టు? ఆ ఎన్నికకి ముందు మాజీ ఆటగాళ్లు 36 మందికి ఓటు ఇద్దామన్న ప్రతిపాదన వచ్చింది. ఈలోగా బయటివాళ్ల జోక్యం ఉందని ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా మన సమాఖ్యని సస్పెండ్ చేసింది. దాన్ని ఎత్తేయించుకోవడానికి ఆ 36 ఓట్లూ పక్కన పెట్టారు. చివరికి ఓటేసింది రాష్ట్ర సంఘాలు మాత్రమే.

ఆర్చరీలోనూ ఇదే వరస. 2020లో ముండా మీద పోటీ చేసింది మాజీ ఐఏఎస్ అధికారి బి.వి.పి.రావు. ఒకరు మంత్రి, ఇంకొకరు అధికారి. యాభై మీటర్ల దూరంలో ఎనిమిది సెంటీమీటర్ల పది పాయింట్ల వలయానికి గురిపెట్టి బాణం వదిలేవాళ్లకి ఆ ఎన్నికలో ఓటు లేదు.

నా దృష్టిలో చిక్కుముడి జిల్లా, రాష్ట్ర సంఘాల్లోనే ఉంది. అక్కడ పదేళ్లుగా ఒక్క పోటీ పెట్టనివాళ్లు కూడా పత్రాల మీద కార్యదర్శులే. పైవాళ్లకి ఓటు కావాలి, కిందవాళ్లకి పదవి కావాలి. ఆటగాడిని కుర్చీలో కూర్చోబెట్టినా వాళ్ల దయ మీదే ఉండాలి.

గుంటూరు_నాన్న:

కృష్ణలంక తమ్ముడు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. మావాడి సంగతి చెప్తాను, ఏ ఆట, ఏ సంఘం అని అడగొద్దు. వాడు ఆడే ఆటకి రాష్ట్రంలో రెండు సంఘాలు. మాకు తెలిసింది కోచ్ గారు తీసుకెళ్లిన పోటీలే. తీరా ఇంజనీరింగ్ సీటుకి స్పోర్ట్స్ కోటాలో పెడితే, సర్టిఫికెట్ మీద సంతకం గుర్తింపు ఉన్న సంఘానిది కాదన్నారు. మెడల్ నిజమే, స్కోరు షీటూ నిజమే, కింద సంతకం చెల్లదట. ఆ రాత్రి వాడు అన్నం ముట్టలేదు. అధ్యక్షుడు మాజీ ఆటగాడా, మంత్రా అన్నది మాలాంటివాళ్లకి తర్వాతి సంగతి. ఒక ఆటకి ఒక సంఘం ఉంటే చాలు.

పటమట_వాసి:

మీ అబ్బాయి విషయం చదివి బాధేసింది అన్నా. 2025లో వచ్చిన జాతీయ క్రీడా పరిపాలన చట్టంలో కార్యవర్గంలో కనీసం ఇద్దరు మేటి ఆటగాళ్లు, నలుగురు మహిళలు ఉండాలన్నారు. ఇలాంటి తగాదాలు తేల్చడానికి ట్రిబ్యునల్ కూడా పెట్టారు. అయినా నా మాట మీదే ఉన్నాను, పైన ఆటగాడు ఉంటే కనీసం పిల్లల బాధ తెలుస్తుంది.

కృష్ణలంక_కుర్రాడు:

పదిహేను మంది దాకా ఉండే కార్యవర్గంలో ఇద్దరి మాట ఎంత చెల్లుతుంది? 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ మొదటిసారి ఆడబోతున్నారు, మన ఊరి అమ్మాయి ఇన్నేళ్లు ఎదురుచూసిన అవకాశం అది. ఆలోపు ప్రతి రాష్ట్ర సంఘం తన ఓటర్ల జాబితాని అందరికీ కనపడేలా నెట్‌లో పెట్టాలి. ఓటున్న మనిషి ఎవరు, ఏ జిల్లా, ఆ జిల్లాలో గత ఏడాది ఎన్ని పోటీలు పెట్టారు, అందులో ఎంతమంది పిల్లలు ఆడారు. పోటీ పెట్టని జిల్లాకి ఓటు తీసేయాలి. ముందు మన ఎన్టీఆర్ జిల్లా, గుంటూరు జిల్లా సంఘాల జాబితాలు అడుగుదాం. ఎవరెవరు వస్తారో ఇక్కడే రాయండి.