మాల్టా, ఆర్ లప్సీ గుహ: లోతు తక్కువే, మరి తేలికేనా?

గోదారిపిల్ల: వచ్చే నెల మాల్టా వెళ్తున్నాం. మా ఆయనా నేనూ ఓపెన్ వాటర్ (స్కూబా డైవింగ్‌లో మొదటి కోర్సు) చేశాం, మొత్తం ఆరు డైవ్‌లు, అన్నీ అండమాన్‌లోనే. ఘార్ లప్సీ గుహ నాలుగైదు మీటర్ల లోతేనట కదా, మేం వెళ్ళొచ్చా?

సిజ్జీవి_బావ: అలా రాస్తారు గానీ ఇక్కడ పలికేది 'ఆర్' లప్సీ అండీ, గుహ అని అర్థం. గైడ్ ఉంటే వెళ్ళొచ్చు. పైన చీలికలున్నాయి, వాటిలోంచి ఎండ దిగుతుంది. కానీ దక్షిణపు గాలి ఉన్న రోజున వద్దు. అల ముందుకు తోసి వెనక్కి ఈడుస్తుంది, నెత్తిన రాయి. మొదటిసారి నా ట్యాంకు కప్పుకి ఠంగుమని కొట్టుకుంది. చెవుల్లో ఇంకా ఉంది ఆ చప్పుడు.

బుడగలరాయుడు: అది అల ఒక్కదాని పనే కాకపోవచ్చు బావా, నీళ్ళలో తేలిపోకుండా కట్టుకునే సీసం బరువు తక్కువై ఉంటుంది. మధ్యధరా నీళ్ళలో ఉప్పు లీటరుకు 38 గ్రాముల దాకా ఉంటుంది, అండమాన్ కన్నా ఎక్కువ, అందుకే ఇంకా తేలతాం. దానికి తోడు మందం సూటు, అదీ పైకి తేలుస్తుంది. పైగా ట్యాంకులో గాలి అయిపోయేకొద్దీ రెండు కిలోల పైనే తేలికవుతాం. ట్యాంకు మీటరులో 50 బార్ (గాలి ఒత్తిడి కొలత) మిగిలినప్పుడు ఐదు మీటర్ల దగ్గర కదలకుండా నిలబడగలిగితేనే గుహ మాట ఎత్తండి.

రుషికొండ_రెక్కలు: ఆరు డైవ్‌లకే గుహ ఎందుకండీ? బయట రీఫ్ (నీటి అడుగు రాతి గట్టు) చాలదా? అండమాన్‌లా పగడాల తోటలుండవు, పొసిడోనియా గడ్డీ, రాళ్ళ సందుల్లో ఆక్టోపస్‌లూ. తెల్లటి వెంట్రుకల జెర్రి లాంటి పురుగు కనిపిస్తే మాత్రం వేలు పెట్టకండి, రెండు రోజులు మండుతుంది.

గోదారిపిల్ల: వెళ్ళొచ్చాం! మొదటి రోజు గాలికి గైడే వద్దన్నాడు. రెండో రోజు రీఫ్ మీదే సీసం సరిచూసుకున్నాం, నాకు రెండు కిలోలు పెంచాల్సి వచ్చింది. మావారు గుహ నోటి దగ్గర చేత్తో వద్దని సైగ చేసి ఆగిపోయారు, ఇంకో గైడ్ ఆయనతో ఉన్నాడు. నేను వెళ్ళాను. అద్దెకిచ్చిన టార్చ్ లోపల రెండు నిమిషాలకే ఆరిపోయింది (ఎవరిచ్చారో చెప్పను). గైడ్ లైటు వెలుగులోనే చూశా: చీకటి మూల ఎర్రటి చిన్న చేప, నోరు ఉబ్బి ఉంది. మగదట, గుడ్లు నోట్లోనే పెట్టుకుని కాస్తుందట.

సిజ్జీవి_బావ: కార్డినల్ చేప! ఇన్నేళ్ళున్నా నాకు గుడ్లతో కనిపించలేదు. ఫ్లైట్ ఎప్పుడు? వరసగా డైవ్‌లు చేస్తే విమానం ఎక్కే ముందు 18 గంటలైనా ఆగాలి.

గోదారిపిల్ల: ఎల్లుండి. రేపు మావారు మళ్ళీ లప్సీకే పోదామంటున్నారు, మధ్యాహ్నం లోపే పైకి వచ్చేస్తాం.