హై-ఎ లో ఉన్న 20 ఏళ్ల పిచర్: ఇఆర్ఏ చూసి వదిలేయాల్సిందేనా?

ప్రశ్న:
అందరికీ నమస్తే. అమెరికా బేస్‌బాల్‌లో మేజర్ లీగ్ కిందుండే మైనర్ లీగ్‌లలో ఒక మెట్టయిన హై-ఎ లో ఆడుతున్న ఒక ఎడమచేతి పిచర్‌ని (బంతి వేసేవాడిని) ఈ సీజన్ మొదటి నుంచీ ఫాలో అవుతున్నాను. వయసు 20. ఫాస్ట్‌బాల్ 95, 96 మైళ్ల వేగంతో సునాయాసంగా వేస్తాడు, స్లైడర్ (చివర్లో పక్కకి తిరిగే బంతి) సరిగ్గా పడిందంటే బ్యాటర్ ఏమీ చేయలేడు. కానీ ఇఆర్ఏ, అంటే ఫీల్డర్ల తప్పుల వల్ల వచ్చినవి కాకుండా తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చే పరుగులు, 5 దాటింది. తొమ్మిది ఇన్నింగ్స్‌కి లెక్కేస్తే 11 స్ట్రైకవుట్లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ని అవుట్ చేయడం), 5 వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులు వేసి బ్యాటర్‌ని ఊరికే మొదటి బేస్‌కి పంపడం). తెలిసినవాళ్లంతా వీడు పైకి రాడు, వదిలెయ్ అంటున్నారు, నాకేమో మనసొప్పడం లేదు. ఈ వయసువాడిలో అసలు ఏం చూడాలి?

జవాబు 1:
ముందు ఆ ఇఆర్ఏని పక్కన పెట్టండి. షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) ఒక అడుగు ఆలస్యంగా కదిలి బంతి పక్కనుంచి పోతే స్కోరర్ దాన్ని హిట్ అనే రాస్తాడు, ఆ పరుగు వచ్చి పిచర్ ఖాతాలో పడుతుంది. ఫీల్డర్లతో సంబంధం లేనివి చూడండి, అంటే స్ట్రైకవుట్లు, వాక్‌లు, హోమ్ రన్‌లు. రెండోది వయసు. ఆ లీగ్‌లో కాలేజీలో ఆడి వచ్చిన 22, 23 ఏళ్లవాళ్లు చాలామంది ఉంటారు, వాళ్ల మీద 20 ఏళ్ల కుర్రాడు 11 తీస్తున్నాడంటే నేనైతే అస్సలు వదలను. అవే అంకెలు 24 ఏళ్లవాడివైతే ఇంత ఆసక్తి ఉండేది కాదు.

జవాబు 2:
పై మాటతో చాలావరకు ఏకీభవిస్తాను కానీ 5 వాక్‌లని తేలిగ్గా తీసుకోవద్దండి. స్టీవ్ డాల్కౌస్కీ 1960లో మైనర్ లీగ్ జట్టు స్టాక్‌టన్‌కి 170 ఇన్నింగ్స్ వేసి 262 స్ట్రైకవుట్లు తీశాడు, వాక్‌లు కూడా సరిగ్గా 262. మేజర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేకపోయాడు. అలాగని ర్యాండీ జాన్సన్‌ని చూస్తే 1990 నుంచి 92 దాకా వరసగా మూడేళ్లు అమెరికన్ లీగ్‌లో (మేజర్ లీగ్ రెండు భాగాల్లో ఒకటి) అందరికన్నా ఎక్కువ వాక్‌లు ఇచ్చింది ఆయనే, తర్వాత ఐదు సై యంగ్ అవార్డులు (ఏటా ఉత్తమ పిచర్‌కి ఇచ్చేవి) గెలిచాడు. కాబట్టి వాక్ ఎందుకొస్తోందో చూడాలి. బంతి వేసేటప్పుడు మీవాడి ముందుకాలు మట్టిలో ప్రతిసారీ ఒకేచోట పడుతోందా? ఒకేచోట పడుతూ బంతి కొద్దిలో తప్పిపోతుంటే కోచ్‌లు దిద్దగలరు. ఒకసారి ఇటు, ఒకసారి అటు పడుతుంటే మాత్రం చాలా కష్టం.

జవాబు 3:
నేనైతే మూడో రకం బంతి అడుగుతాను. చేంజప్ వేస్తాడా? ఎడమచేతివాడికి ఎదురయ్యేది ఎక్కువగా కుడిచేతి బ్యాటర్లే, రెండు బంతులతోనే నెట్టుకొస్తే రెండోసారి, మూడోసారి బ్యాటింగ్‌కి వచ్చేసరికి వాళ్లు పట్టేస్తారు. చేంజప్ వేసేటప్పుడు చెయ్యి నెమ్మదిస్తోందా అన్నది గమనించండి. క్రికెట్‌లో స్లో బాల్ లాంటిదే, చెయ్యి ఫాస్ట్‌బాల్ అంత వేగంగా తిరిగితేనే బ్యాటర్ మోసపోతాడు. అది కుదరకపోతే రిలీవర్ (మ్యాచ్ మధ్యలో వచ్చి కొద్దిసేపే వేసేవాడు) అవుతాడు, అదీ మంచి కెరీరే.

ప్రశ్న అడిగినవారు:
మీరన్నాక పోయిన మ్యాచ్ మళ్లీ వేసుకుని చూశాను. కాలు మొదటి మూడు ఇన్నింగ్స్ ఒకేచోట పడింది, నాలుగో ఇన్నింగ్స్‌లో అలిసిపోయాక పక్కకి జరిగింది, వాక్‌లన్నీ అక్కడే. చేంజప్ తక్కువే వేశాడు, చెయ్యి నెమ్మదించడం నాకే తెలిసిపోయింది. కానీ ఒకటి, కౌంట్ 2-0 (రెండు చెడ్డ బంతులు, స్ట్రైక్ ఒక్కటీ లేదు) ఉన్నప్పుడు ధైర్యంగా వేశాడు, బ్యాటర్ ముందే ఊపేశాడు!

జవాబు 2:
2-0లో వేశాడా? అది చాలా మంచి మాటండి. నాలుగో ఇన్నింగ్స్ సంగతంటారా, 20 ఏళ్లకి ఒంట్లో బలం ఇంకా పెరుగుతుంది.

జవాబు 4:
తొందరపడకండి అన్నా. పిచర్ల విషయంలో మోచెయ్యి ఎప్పుడు ఏమంటుందో ఎవరూ చెప్పలేరు. జేకబ్ డిగ్రామ్ కాలేజీలో ఎక్కువకాలం షార్ట్‌స్టాప్, 2010 డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకునేది) తొమ్మిదో రౌండ్‌లో తీసుకున్నారు, అదే ఏడాది టామీ జాన్ సర్జరీ (మోచేతి లిగమెంట్‌కి చేసేది). 2014లో 25 ఏళ్లకి మేజర్స్‌లో అడుగుపెట్టి, 2018, 2019లో సై యంగ్ గెలిచాడు. 2013 డ్రాఫ్ట్‌లో అందరికన్నా ముందు ఎంపికైన పిచర్ మార్క్ అపెల్‌కి మాత్రం మొదటి మేజర్ లీగ్ మ్యాచ్ 2022లో గానీ రాలేదు. మీవాడికి ఇంకా హై-ఎ పైమెట్టు డబుల్-ఎ ఉంది, స్లైడర్‌ని వదిలేసే ఓపికున్న బ్యాటర్లు అక్కడే ఎదురవుతారు. తర్వాతి స్టార్ట్ ఎప్పుడో చెప్పండి, నేనూ చూస్తాను.