బాల్కనీలో పడ్డ రంగుల పిట్ట: ఇదేం పిట్ట? ఏం చెయ్యాలి?

కొండవైపు బాల్కనీ
అందరికీ నమస్కారం. మాది విశాఖలో ఎండాడ, ఐదో అంతస్తు. బాల్కనీలోంచి కంబాలకొండ అడవి కనిపిస్తుంది. ఈరోజు పొద్దున్న ఆరున్నరకి సగ్గుబియ్యం వడియాలు పెడదామని గుడ్డ పరుస్తుంటే అద్దం తలుపుకి ఏదో ఠప్పుమని తగిలింది. కింద పిల్లలు బంతి విసిరారనుకున్నా. చూస్తే తులసికుండీ పక్కన ఒక పిట్ట, నోరు తెరిచి రొప్పుతోంది.

గోరింక కన్నా కాస్త చిన్నది. తోక ఉందా లేదా అన్నట్టుంది. వీపు ఆకుపచ్చ, రెక్క మీద మెరిసే నీలం, పొట్ట లేత గోధుమరంగు, తోక కింద కుంకుమ అద్దినట్టు ఎరుపు. కంటి మీదుగా నల్లటి పట్టీ, ఎవరో కాటుకని మెడ దాకా లాగేసినట్టు. పక్క ఫ్లాట్ ఆవిడ లకుముకి పిట్ట అని తేల్చేశారు. మా పుట్టింటి చెరువు గట్టున లకుముకి పిట్టల్ని చూస్తూ పెరిగినదాన్ని, వాటి ముక్కు ఇంత పొడుగుంటుంది. దీనికి అంత లేదు.

వేలు దగ్గర పెట్టినా కదలట్లేదు. చెంచాతో నీళ్ళు పడదామంటే మావారు వద్దంటున్నారు. ప్రస్తుతం బుట్ట బోర్లించాను. కాస్త త్వరగా చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

గెడ్డగట్టు
మీవారి మాటే రైటండి. నీళ్ళు పట్టకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. బుట్ట కూడా వద్దు, సందుల్లోంచి మనుషులు కనపడితే కొట్టుకుంటుంది. చెప్పుల డబ్బాలాంటి అట్టపెట్టె తీసుకుని, కన్నాలు పొడిచి, లోపల పాత గుడ్డ పరిచి, పిట్టని పెట్టి మూత వెయ్యండి. చల్లగా, చప్పుడు లేని గదిలో గంటో రెండు గంటలో వదిలెయ్యండి. మధ్యలో మూత తియ్యొద్దు. నేను మొదటిసారి ఐదు నిమిషాలకోసారి తొంగిచూసి ఒక పిట్టని భయంతోనే చంపినంత పని చేశాను. రెక్క వేలాడుతున్నా, మధ్యాహ్నానికి కూడా లేవకపోయినా అటవీ శాఖ వాళ్ళకి ఫోన్ చెయ్యండి.

ఇది పొన్నంకి పిట్ట. చలికాలం దక్షిణాదిలోనూ శ్రీలంకలోనూ గడిపి, ఎండలు ముదిరాక గుడ్లు పెట్టడానికి పైకి, మధ్య భారతం అడవుల వైపు వెళ్తాయి. ప్రయాణం రాత్రిపూటే. తెల్లారి అలిసిపోయి దిగే టైముకి మీ అద్దంలో కొండ కనపడి ఉంటుంది పాపం, చెట్లే అనుకుంది.

మధురవాడ కుర్రాడు
మేడమ్, కోలుకున్నాక పంజరంలో పెట్టి పెంచుకోవచ్చా? చాలా బాగుంటుంది కదా.

గెడ్డగట్టు
వద్దు బాబూ. 1972 వన్యప్రాణి చట్టం ఒకటుంది. పైగా దీని తిండి వానపాములు, పురుగులు. రోజూ నువ్వు తవ్వి పెడతావా?

బీ షిఫ్ట్
అక్కా, ఇంగ్లీషులో దీని పేరు ఇండియన్ పిట్టా. ఆ పిట్టా మన పిట్టే! 1766లో లినేయస్ అనే స్వీడన్ శాస్త్రవేత్త దీన్ని కాకుల లెక్కలో వేసి కోర్వస్ అని రాసేశాడు. దీనికీ కాకికీ ఏం పోలికో ఆయనకే తెలియాలి. 1816లో వీయో అనే ఫ్రెంచాయన దీన్ని కాకుల్లోంచి తీసి వేరే ప్రజాతి చేసి, దానికి మన తెలుగు మాటే పెట్టాడు. ఇప్పుడు ఇండోనేషియాలో, ఆస్ట్రేలియాలో ఉన్న దీని చుట్టాలన్నీ పిట్టాలే.

నాలుగేళ్ళుగా బీ షిఫ్ట్ ఉన్న వారం పొద్దున్నే కంబాలకొండకి పోతున్నాను. పొదల్లోంచి 'వీట్-ట్యూ' అని రెండు ముక్కల ఈల వినడమే తప్ప, కంటికి చిక్కింది రెండే సార్లు. మీకేమో వడియాల దగ్గరకే వచ్చింది!

గెడ్డగట్టు గారూ, ఆదివారం కొండకర్ల ఆవ సరస్సుకి వెళ్తే బాతులేమైనా మిగిలుంటాయా?

గెడ్డగట్టు
సూదితోక బాతులు మార్చిలోనే సర్దేశాయి. తామరాకుల మీద నడిచే జకానాలు ఎలాగూ అక్కడివే, వాటికోసం వెళ్ళు.

కొండవైపు బాల్కనీ
ఎగిరిపోయింది! తొమ్మిదింటికి డబ్బాలో టకటకమని చప్పుడు మొదలైంది. మావారు మా బిల్డింగు వెనక వేపచెట్టు కిందకి తీసుకెళ్ళి మూత తీశారు. వెంటనే ఎగరలేదు. రాలిన ఆకుల్లోకి గెంతి, ముక్కుతో ఒక్కో ఆకూ తిరగేసి, ఏదో పురుగుని లాగి మింగింది. అప్పుడు లేచింది. రెక్క విప్పితే లోపల తెల్లటి మచ్చ ఉంది, మూసుకున్నప్పుడు నాకు కనపడనే లేదు. కొండవైపే పోయింది.

మళ్ళీ ఏదీ గుద్దుకోకుండా ఆ అద్దానికి ఏం చెయ్యాలి?

గెడ్డగట్టు
బయటివైపు గుర్తులు పెట్టండి, లోపలివైపు పెడితే వాటికి సరిగ్గా కనపడవు. ఒక్క స్టిక్కరు చాలదు. రెండేసి అంగుళాల ఎడంతో అద్దమంతా ఉండాలి.

కొండవైపు బాల్కనీ
సుద్దముక్కతో అద్దం నిండా ముగ్గుకి పెట్టినట్టు చుక్కలు పెట్టాను. పక్క ఫ్లాట్ ఆవిడ చూసి "ఇదేం నోమండీ?" అన్నారు. ఆవిడ ఇంకా లకుముకి పిట్ట దగ్గరే ఉన్నారు.