సీమలో కారవాన్ ప్రయాణం: నాలుగు రోజుల్లో అన్నీ చూడాలా, ఒకచోట బండి ఆపి ఉండాలా?

బురుజు నీడ (కర్నూలు)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో వారం రోజులుగా తెగని విషయం ఒకటి మీ ముందు పెడుతున్నాను.

సంక్రాంతి సెలవులకు కారవాన్ అద్దెకు తీసుకుంటున్నాం. టెంపో ట్రావెలర్‌నే మార్చి పడకలు, చిన్న వంటగట్టు, టాయిలెట్ పెట్టిన బండి. అద్దెకిచ్చేవాళ్లు కర్నూలు తెచ్చి ఇస్తారు, నాలుగో రోజు రాత్రికి బెంగళూరులో అప్పగించాలి. నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు, అమ్మ, నాన్న, మొత్తం ఆరుగురం. నడిపేది నేనే.

నాన్న కాగితం మీద దారి రాసి పెట్టారు. మొదటి రోజు ఓర్వకల్లు రాళ్లవనం, యాగంటి. రెండో రోజు బెలుం గుహలు, సాయంత్రానికి గండికోట. మూడో రోజు తాడిపత్రి గుళ్లు, తిమ్మమ్మ మర్రిమాను. నాలుగో రోజు లేపాక్షి చూసుకుని బెంగళూరు. ఆయనకు 71 ఏళ్లు. "మళ్లీ ఎప్పుడు పోతామో, ఈ మోకాళ్లు ఎన్నాళ్లు మోస్తాయో" అంటున్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

నా భార్య మాత్రం గండికోటలో రెండు రాత్రులు ఉండాల్సిందే అంటోంది. "పోయినసారి ఊటీకి పోయొచ్చాక నాలుగు రోజులు జ్వరంతో పడుకున్నా, గుర్తుందా?" అని అడిగింది. గుర్తుంది. నా మనసు ఆమె వైపే ఉంది, కానీ నాన్న రాసిన కాగితం మీద గీత పెట్టడానికి చెయ్యి రావడం లేదు. ఇలా తిరిగినవాళ్లు చెప్పండి.

నల్లరేగడి (నంద్యాల)

తమ్ముడూ, మీ నాన్నగారి కాగితమే సరైనది. సీమలో ఉన్న సుఖమే అది, అన్నీ దగ్గర దగ్గర. బెలుం నుంచి గండికోట 60 కిలోమీటర్లకు అటూ ఇటూ. యాగంటి నుంచి బెలుం అంతకన్నా తక్కువే. రోజుకు వేలల్లో అద్దె కట్టేది బండి చక్రాలకు, పడకకు కాదు. పడుకోవడానికైతే ఇల్లుంది.

ఇంకొకటి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త బెలుం గుహల గురించి రాసిపెట్టాడు. 3,229 మీటర్ల పొడవున్న గుహలు మన పాత కర్నూలు జిల్లాలో ఉంటే, కర్నూలు పిల్లలు ఎంతమంది చూశారు? నా కూతురు పదో తరగతి అయ్యేదాకా చూడలేదు. తీసుకుపోయిన రోజు "ఇది మన ఊరి పక్కనే ఉంటే ఇన్నాళ్లు ఎందుకు చూపించలేదు నాన్నా" అని అడిగింది. నాకు చాలా బాధ అనిపించింది. పిల్లలకు చూపించే వయసు తొందరగా దాటిపోతుంది. విశ్రాంతి ఎప్పుడైనా తీసుకోవచ్చు.

పెన్నా గట్టు (జమ్మలమడుగు)

అన్నా, బెలుం గొప్పదే, కాదనను. కానీ బెలుం చూసి అదే సాయంత్రం గండికోట అంటే రెండూ సగం సగమే. గుహలో చూడటానికి వీలున్నది కిలోమీటరున్నర. లోపల ఉక్కపోత, కొన్నిచోట్ల వంగి నడవాలి, పాతాళగంగ దాకా దిగితే మళ్లీ ఎక్కాలి. పైకి వచ్చేసరికి చొక్కా పిండితే నీళ్లు కారతాయి. 71 ఏళ్ల మనిషి ఆ తర్వాత కోటలో నడవగలరా?

గండికోటంటే లోయ దగ్గర ఫోటో తీసుకుని వచ్చేది కాదు. మాధవరాయ స్వామి గుడి, రంగనాథుడి గుడి, జామా మసీదు, పక్కనే ధాన్యాగారం, ఇవన్నీ తీరిగ్గా చూస్తే ఒక పూట పడుతుంది. లోయకు రెండు పూటలు వెళ్లాలి. సాయంత్రం అందరూ వస్తారు, జాతరలా ఉంటుంది. తెల్లారి ఐదున్నరకు వెళ్లండి. ఎర్రరాళ్లు చేతికి చల్లగా తగులుతాయి. కింద పెన్న నీళ్లు నల్లగా కనిపిస్తాయి, తర్వాత బూడిద రంగు, ఆ తర్వాత మెల్లగా పచ్చన. ఎదుటి గోడ మీద ఎండ పైనుంచి ఒక్కో వరుసా దిగుతూ వస్తుంది. అది చూడాలంటే ముందు రాత్రి అక్కడ పడుకునే ఉండాలి. కారవాన్ ఉన్నవాళ్లకు దక్కేది అదే, దాన్నే వదులుకుంటే ఎలా?

ఒక జాగ్రత్త. లోయ అంచున చాలాచోట్ల కంచె లేదు. పిల్లల చెయ్యి వదలొద్దు. కోట వాకిలి ఇరుకు, వంకర, మీ బండి లోపలికి తేవద్దు, బయటే పెట్టండి.

కారం దోశ (కడప)

నేను చెప్పేది కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

పోయిన డిసెంబర్లో మేమూ ఇలాంటి బండి తీసుకున్నాం. ఏడుగురం, మూడు రోజులు, ఆరు చోట్లు. నీళ్ల ట్యాంకు నిండుగా ఉందని చెప్పి ఇచ్చారు. మేం చూసుకోలేదు. రెండో రోజు పొద్దున చిన్నోడి ఒళ్లంతా సబ్బు పూసి ఉండగా కుళాయి గుర్రుమని ఆగిపోయింది. తాగడానికి కొన్న నీళ్ల సీసాలతో కడిగాను. జనవరి చలిలాంటి చలి, వాడు వణుకుతుంటే తువ్వాలు చుట్టి పక్క మీద కూర్చోబెట్టి, అప్పుడు ఉప్మాకు ఉల్లిపాయలు తరిగాను.

ఆ వంటగట్టు వెడల్పు నా మూరెడు. ఒకరు నిలబడితే ఇంకొకరు దాటలేరు. ప్రతి చోటా ఆగగానే అందరూ దిగి వెళ్లేవాళ్లు. "నువ్వు అన్నం దించి వచ్చేయ్" అనేవాళ్లు. అన్నం దించి, గిన్నెలు సర్ది, తడిబట్టలు కిటికీకి ఆరేసి వెళ్లేసరికి వాళ్లు తిరిగి వస్తుండేవాళ్లు. ఆరు చోట్లలో నేను నిజంగా చూసింది రెండు. ఒక గుడి గోపురాన్ని వంటగట్టు కిటికీలోంచి చూశాను. ఇంటికొచ్చాక అందరూ "ఎంత బాగా తిరిగామో" అని చెప్పుకుంటుంటే నాకు ఏడుపొచ్చింది, ఎవరికీ చెప్పలేదు.

బురుజు నీడ గారూ, చోట్లు ఎన్ని అన్నది తర్వాత లెక్కపెట్టండి. ముందు ఆ బండిలో ఎవరి పని తగ్గుతుంది, ఎవరి పని పెరుగుతుంది అన్నది చూడండి. బండి కదిలిన ప్రతిసారీ లోపల సామాను మొత్తం సర్దాలి. ఆగిన ప్రతిసారీ మళ్లీ విప్పాలి. ఏడు చోట్లు అంటే ఏడుసార్లు. ఆ సర్దేది మీరు కాదు, మీ నాన్నగారు కాదు.

నల్లరేగడి (నంద్యాల)

కారం దోశ అక్కా, మీకు జరిగింది చదివి మనసు చివుక్కుమంది. తప్పు మీ ఇంట్లో మగవాళ్లది. కానీ దానికి మందు చోట్లు తగ్గించడం కాదు, వంట మానడం. మన రోడ్ల మీద పొద్దున ఉగ్గాని బజ్జి దొరకని ఊరుందా? మధ్యాహ్నం ఏ మెస్సులోనైనా భోజనం. వంట లేకపోతే ఏడు చోట్లు హాయిగా తిరగొచ్చు.

కారం దోశ (కడప)

అన్నా, మా అత్తకు షుగరు. వేళకు, ఉప్పూ కారం తగ్గించి పెట్టాలి. చిన్నోడు బయటి కారం తినలేడు. అందుకే కదా వంటగది ఉన్న బండి తీసుకుంది? పైగా రోజంతా దారిలోనే ఉంటే, ఆకలేసినప్పుడు మెస్సు ఎదురు రాదు. ఒకచోట ఉంటే ముందే చెప్పి వండించుకోవచ్చు.

అనంత స్టీరింగు (అనంతపురం)

నేను 19 ఏళ్లుగా టెంపో ట్రావెలర్ నడుపుతున్నాను, ఎక్కువగా తిరుపతి, శ్రీశైలం ట్రిప్పులు. అందరూ చూసేవాళ్ల గురించి మాట్లాడుతున్నారు, నడిపేవాడి గురించి కూడా ఒక మాట.

తమ్ముడు కారు మాత్రమే నడిపి ఉంటే, ఈ బండి వేరు. పొడవు, ఎత్తు, పైన ఏసీ పెట్టె. ఊళ్లలో కిందికి వేలాడే కరెంటు తీగలు చూసుకోవాలి. రంగు వెలిసిన స్పీడ్ బ్రేకర్ మీద కారులా పోతే లోపల గిన్నెలన్నీ కిందే. ట్యాంకులో నీళ్లు ఊగితే మలుపులో బండి లాగుతుంది. అందుకని మ్యాప్ రెండు గంటలంటే మీరు మూడు గంటలు వేసుకోండి.

మూడో రోజు దారి చూడండి. గండికోట నుంచి తాడిపత్రి, అక్కడ రెండు గుళ్లు, అక్కణ్ణుంచి కదిరి వంద కిలోమీటర్లకు పైనే, మళ్లీ మర్రిమాను లోపలికి. అక్కడికి చేరేసరికి పొద్దు వాలుతుంది. చీకట్లో పల్లె రోడ్డు మీద వెనక లైటు లేని ట్రాక్టర్లు, గొర్రెల మందలు ఉంటాయి. నేనైతే కొత్త బండితో చీకటి పడ్డాక ఆ దారి పట్టను. శ్రీశైలం అడవి దారిలో రాత్రి 9 నుంచి పొద్దున 6 వరకు బండ్లు వదలరు, అది జంతువుల కోసం. మన పల్లెదారుల్లో అలాంటి గేటు లేదు, ఎవరికి వారే పెట్టుకోవాలి.

బండి నడుస్తుంటే వెనక పడుకోవచ్చని చాలామంది అనుకుంటారు. అస్సలు వద్దు. కదిలేటప్పుడు అందరూ సీటులో, బెల్టుతో. స్టవ్ వెలిగించకూడదు, సిలిండర్ కట్టేయాలి. కదులుతున్న కారవాన్ కూడా బస్సే. ఆగితేనే అది ఇల్లు.

డల్లాస్ సీమబిడ్డ (సొంతూరు ప్రొద్దుటూరు)

ఇక్కడ అమెరికాలో ఇలాంటి బండిని ఆర్వీ అంటారు. తిరిగేవాళ్లలో 3-3-3 అని ఒక నియమం ప్రచారంలో ఉంది. రోజుకు 300 మైళ్లు మించొద్దు, మధ్యాహ్నం 3 గంటలకల్లా దిగాల్సిన చోటికి చేరాలి, చేరిన చోట 3 రోజులుండాలి. మైళ్ల లెక్క మనకు పనికిరాదు, 300 మైళ్లంటే 480 కిలోమీటర్లు, ఇక్కడి రోడ్లకు సరిపోయే మాట. మిగతా రెండూ మాత్రం సీమలోనూ పనికొస్తాయి.

ఇక్కడ ఆర్వీ పార్కులో కరెంటు, నీళ్లు, మురుగు గొట్టం మూడూ బండికి తగిలించుకుంటాం. మనకు అలాంటి చోట్లు తక్కువ, ప్రతి మజిలీలో నీళ్లు, కరెంటు వెతుక్కోవాలి. కరెంటు తగిలించకపోతే పైన ఏసీ ఎక్కువసేపు నడవదు. కాబట్టి మజిలీలు పెరిగేకొద్దీ టెన్షన్ పెరుగుతుంది.

ఇంకో సంగతి. ఇక్కడ పెద్ద బండ్ల వెనక చిన్న కారు కట్టుకుని వస్తారు, చూసే ఉంటారు. పెద్దదాన్ని ఒకచోట నిలిపి, చూడాల్సినవి చిన్నదాంట్లో చూసొస్తారు. మీరు కూడా గండికోట దగ్గర బండి పెట్టి, జమ్మలమడుగు నుంచి ఒక కారు మాట్లాడుకోండి. బెలుం వెళ్లేవాళ్లు వెళ్తారు, ఉండేవాళ్లు ఉంటారు. ఆరుగురూ ప్రతిచోటికీ కలిసే వెళ్లాలని ఎక్కడుంది?

మహానంది అక్క (నంద్యాల)

ఇంత చర్చ జరిగింది. నాన్న మాట వచ్చింది, భార్య మాట వచ్చింది. బాబూ, మీ అమ్మగారిని అడిగారా?

ఎందుకంటున్నానంటే, మా అమ్మ 40 ఏళ్లు ఆ ఇంటి గడప, ఆ వంటగది తప్ప ఎరగదు. మేం లేపాక్షి తీసుకుపోతే, ఎండగా ఉంది, నీడన కూర్చోమన్నాం. కూర్చోలేదు. వేలాడే స్తంభం కిందుగా తన కొంగు ఈ వైపు నుంచి తోసి, ఆ వైపున వంగి పట్టుకుని లాగింది. రెండుసార్లు లాగింది. ఆ ముఖంలో సంతోషం నేను అంతకుముందు చూడలేదు. అంతసేపు నంది చుట్టూ తిరిగినా కాళ్ల నొప్పి అనలేదు. రోజంతా ఇంట్లో కూర్చునే మనిషికి ఇంకోచోట కూర్చోబెట్టడం విశ్రాంతి కాదు. తిరగడమే ఆమెకు విశ్రాంతి. కారం దోశ చెప్పిందీ నిజమే, ఇదీ నిజమే. ఎవరికి ఏది అలసటో మనుషుల్ని అడిగి తెలుసుకోండి.

బురుజు నీడ (కర్నూలు)

అక్కా, మీరడిగిన ప్రశ్నకు రాత్రి నిద్ర పట్టలేదు. నిజంగానే అడగలేదు. పొద్దున కాఫీ తాగేటప్పుడు అడిగాను.

అమ్మ ముందు "మీ ఇష్టంరా" అంది. మళ్లీ అడిగాను. కాసేపటికి, "గుహలు నాకొద్దు, ఊపిరాడదు. ఆ మర్రిచెట్టు చూడాలని ఉంది" అంది. తిమ్మమ్మ కథ ఆమెకు వాళ్ల అమ్మ చెప్పిందట. భర్తతో సహగమనం చేసిన చోట, చితి కోసం నాటిన గుంజ చిగురించి అంత చెట్టయిందని. 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కిందని నేను చెబితే, "అదంతా నాకు తెలీదు, ఊడల మధ్య కాసేపు కూర్చుంటా" అంది. నాన్న కాగితంలో ఆ చెట్టుకు గంటే రాసి ఉంది.

కాబట్టి ఇప్పటి ఆలోచన ఇది: మొదటి రోజు యాగంటి, తర్వాత రెండు రాత్రులు గండికోట, బెలుంకు నాన్న, పిల్లలు కారులో, నాలుగో రోజు మర్రిమాను నుంచి నేరుగా బెంగళూరు. లేపాక్షి, తాడిపత్రి వదిలేయడం.

నల్లరేగడి (నంద్యాల)

ఒప్పుకోను. లేపాక్షి వదిలి యాగంటి ఉంచుకుంటారా? యాగంటి మీకు ఏ ఆదివారమైనా పోయొచ్చే దూరం, ఓర్వకల్లు అయితే మరీ దగ్గర. ఇంటికి దగ్గరవి కొట్టేయండి, దూరమైనవి ఉంచండి. మొదటి రోజే నేరుగా గండికోట చేరండి, రెండో రోజు అక్కడే. మూడో రోజు పొద్దున్నే బయల్దేరి మర్రిమాను, సాయంత్రం దాకా అమ్మగారిని ఊడల కింద కూర్చోనివ్వండి. నాలుగో రోజు లేపాక్షి, అక్కణ్ణుంచి బెంగళూరు 120 కిలోమీటర్లే.

అనంత స్టీరింగు (అనంతపురం)

ఈ దారి నడపొచ్చు. ఒక్క సవరణ. మర్రిమాను దగ్గర మధ్యాహ్నం మూడుకే లేవండి, వెలుతురుండగానే కదిరి చేరి, లాడ్జి ఆవరణలో అడిగి బండి పెట్టుకోండి. రోడ్డు పక్కన పడుకోవద్దు.

బురుజు నీడ (కర్నూలు)

నల్లరేగడి అన్నా, ఇది నాకు తట్టనే లేదు. ఇంట్లో చదివి వినిపించాను. నా భార్య సరేనంది. తాడిపత్రిని వదిలేసినందుకు నాన్న ఇంకా కాగితం వదల్లేదు. బుగ్గ రామలింగేశ్వరుడి గుడి రాతిపని ఆయన కుర్రతనంలో చూశారట, పిల్లలకు చూపించాలని. శివరాత్రికి రైల్లో నేనే తీసుకెళ్తానని మాటిచ్చాను. ఒప్పుకున్నట్టూ లేదు, కాదన్నట్టూ లేదు.

పెన్నా గట్టు, నీళ్లు ఎక్కడ నింపుకోవాలో చెప్పగలవా?

పెన్నా గట్టు (జమ్మలమడుగు)

జమ్మలమడుగులోనే నింపుకోండి అన్నా. కోట అక్కణ్ణుంచి 15 కిలోమీటర్లు, పైన అప్పటికప్పుడు దొరకడం కష్టం. కోటకు ముందే టూరిజం వాళ్ల హరిత హోటల్ ఉంది. కరెంటు కావాలంటే ముందుగా ఫోన్ చేసి అడగండి, పండగ రోజుల్లో రద్దీ. నింపేటప్పుడు ట్యాంకు మూత తీసి కళ్లతో చూడండి.

కారం దోశ (కడప)

గండికోటలో ఆ రెండు రోజులు వంట ఎవరు చేస్తారు?

బురుజు నీడ (కర్నూలు)

పొద్దున టీ, పిల్లలకు పాలు నేను. మధ్యాహ్నం రాగి సంగటి, పప్పు, నాన్నకు కారం తగ్గించిన కూర జమ్మలమడుగులో ముందే చెప్పి తెప్పిస్తాను. రాత్రికి పెరుగన్నం, అది అమ్మ కలుపుతానంది, వద్దన్నా వినలేదు. తెల్లారి ఐదున్నరకు లోయ దగ్గరికి నా భార్య ఒక్కతే వెళ్తానంది. అంచున కంచె లేదని చెప్పాను, జాగ్రత్తగా లోపలికే కూర్చుంటానంది. పిల్లలు లేస్తే నేను చూసుకుంటాను.