లిక్విడిటీ లేని (కొనేవాళ్లు, అమ్మేవాళ్లు తక్కువగా ఉన్న) షేరు, మూడు రోజులుగా లోయర్ సర్క్యూట్: అమ్మేది ఎవరో తెలుసుకునే దారి ఉందా?

పర్లాకిమిడి_మదుపరి
బీఎస్‌ఈలో మాత్రమే ఉన్న చిన్న కంపెనీ. ‘టీ’ గ్రూపు (కొన్నది అదే రోజు అమ్మడం కుదరదు), 5 శాతం బ్యాండు (ధర ఒక్క రోజులో అంతకుమించి పెరగదు, తగ్గదు; కింది హద్దు తాకడమే లోయర్ సర్క్యూట్). మొత్తం షేర్లు 60 లక్షలు, రోజుకి సగటున 1,200 మించి చేతులు మారవు. మూడు సర్క్యూట్లలో 64 నుంచి 55 దగ్గరికొచ్చింది. ఈరోజు ముగింపులో అమ్మకం వైపు 42,000 పెండింగ్, కొనేవాళ్లు సున్నా. కంపెనీ నుంచి ప్రకటన లేదు. పర్లాకిమిడి, గుణుపురం వైపు చాలామంది దగ్గర కొద్దికొద్దిగా ఉందీ షేరు. నా దగ్గర 8,000. వాట్సాప్ గ్రూపులో “ఆపరేటర్ దులుపుతున్నాడు, కదలొద్దు” అంటున్నారు, అంటే ధర ఆడించేవాడెవడో చిన్నవాళ్లని భయపెట్టి షేర్లు అమ్మిస్తున్నాడని. ఈ ఒత్తిడి ఎవరిదో ఎలా చూడాలి? అమ్మాలంటే ఎలా?

బరంపురం_డెప్త్
42,000 అన్న అంకె చూసి కంగారుపడకండి. మార్కెట్ డెప్త్‌లో (పెండింగ్ ఆర్డర్ల పట్టికలో) పక్కనే ఆర్డర్ల సంఖ్య ఉంటుంది, ముందు అది చూడండి. 42,000 రెండు మూడు ఆర్డర్లలో ఉంటే ఒకరిద్దరు పెద్దవాళ్లు. నూట యాభై ఆర్డర్లలో ఉంటే చిన్నవాళ్ల భయం. అది కొనేవాడు ఒక్కడొస్తే సగం చెదిరిపోతుంది.

రెండోది, క్యూ ఎలా తగ్గుతోంది? పదిన్నరకి ఒకసారి, రెండింటికి ఒకసారి పెండింగూ, ట్రేడయిన వాల్యూమూ రెండూ రాసుకోండి. పెండింగ్ 30,000 తగ్గి, వాల్యూమ్ 500 మాత్రమే పెరిగితే అవి అమ్ముడుపోలేదు, రద్దు చేసుకున్నారు. రోజూ ఇదే తంతయితే ఆ క్యూ జనాన్ని బెదిరించడానికి పెట్టింది కావచ్చు. వాల్యూమ్ మామూలుకి నాలుగైదు రెట్లు పెరిగి, సర్క్యూట్ మాత్రం విడకపోతే అది అసలు అమ్మకం.

డెలివరీ శాతం (ట్రేడయిన షేర్లలో నిజంగా ఖాతా మారినవెన్ని) చూసి మురిసిపోయేవాళ్లకి ఒక మాట: టీ గ్రూపులో ఇంట్రాడే (అదే రోజు కొని అమ్మడం) ఉండదు, ప్రతి ట్రేడూ డెలివరీయే. అక్కడ 100 శాతం అంటే ఏమీ చెప్పనట్టే.

రాయగడ_ఫైలింగ్స్
పైన చెప్పింది సరే కానీ డెప్త్ ఆ రోజు కథే చెబుతుంది. అమ్మేవాడి దగ్గర ఇంకా ఎంత సరుకుందో అందులో కనపడదు. దానికి బీఎస్‌ఈ సైటులో కంపెనీ పేజీ తెరిచి, గత రెండు త్రైమాసికాల షేర్‌హోల్డింగ్ పట్టికలు పక్కపక్కన పెట్టండి. త్రైమాసికం ముగిశాక 21 రోజుల్లో వస్తాయి. 1 శాతం దాటిన పబ్లిక్ వాటాదారుల పేర్లు ఉంటాయి. మీ షేరులో అంటే 60,000 పైన. ఒక పేరు మాయమై, చిన్న వాటాదారుల సంఖ్య బాగా పెరిగిందా? సరుకు పెద్ద చేతుల్లోంచి మీ వైపు వాళ్ల చేతుల్లోకి దిగిందన్నమాట. ఆ తర్వాత సర్క్యూట్లు పడితే ‘దులుపుడు’ కథ నమ్మను.

ప్రిఫరెన్షియల్ కేటాయింపు (కంపెనీ ఎంచుకున్న కొందరికే కొత్త షేర్లివ్వడం) జరిగిందేమో తప్పక చూడండి. ప్రమోటర్లు కానివాళ్లకి ట్రేడింగ్ అనుమతి వచ్చిన తేదీ నుంచి ఆరు నెలలే లాక్-ఇన్ (అమ్మకూడని గడువు). అది తీరిన వారంలోనే అమ్మకాలు మొదలైతే ఇంక ఊహాగానాలు అనవసరం. కేటాయించిన షేర్లెన్నో తెలుసు కాబట్టి ఇంకెంత రావచ్చో కూడా అంచనా కట్టొచ్చు.

ఇంత పలచటి షేరులో ప్రకటన రాలేదంటే ఎవరూ అమ్మలేదని కాదు. బల్క్ డీల్ (ఎక్స్ఛేంజీ పేరుతో సహా బయటపెట్టే పెద్ద లావాదేవీ) లెక్కలోకి రావాలంటే ఒక్క రోజులో 0.5 శాతం, అంటే 30,000 షేర్లు. మీ దాంట్లో అంత వాల్యూమే లేదు. ప్రమోటరు, డైరెక్టరు వెంటనే చెప్పాల్సింది ఒక త్రైమాసికంలో లావాదేవీలు 10 లక్షల రూపాయలు దాటితేనే. 55 చొప్పున 18,000 షేర్ల దాకా చడీచప్పుడు లేకుండా వెళ్లిపోతాయి. మీ సగటుతో అది పదిహేను రోజుల వాల్యూమ్!

పర్లాకిమిడి_మదుపరి
ఏడు నెలల కిందట 4 లక్షల షేర్లు కేటాయించారు, ఇప్పుడే చూశాను. ఈ ధరలో ఇంకో 2,000 కొని నా సగటు కొనుగోలు ధర తగ్గించుకుంటే?

రాయగడ_ఫైలింగ్స్
వద్దండీ. 4 లక్షలంటే మీ సగటు వాల్యూమ్‌లో 333 రోజుల సరుకు. అందరూ అమ్మరనుకున్నా, పదో వంతు వచ్చినా నెల పైమాటే. మీరు సగటు తగ్గించుకోవడమంటే వాళ్లకి దారి ఇవ్వడమే. ఇంకో ఐదు సర్క్యూట్లు పడితే 55 కాస్తా దాదాపు 42.50 అవుతుంది.

జయపురం_ఆర్డర్
అమ్మకం సంగతి. సర్క్యూట్‌లో అందరిదీ ఒకే ధర కాబట్టి ముందు వేసినవాడిదే వరస. మార్కెట్ ముగిశాక ఆర్డరు వేసేయండి, కానీ మీ బ్రోకరు దాన్ని 9కి ప్రీ-ఓపెన్‌లోకి (మార్కెట్ మొదలయ్యే ముందు ఆర్డర్లు తీసుకునే సమయం) పంపుతాడా, 9:15కి పంపుతాడా అడగండి. రేపటి కింది బ్యాండు ధరే వేయాలి. పైసా తక్కువైనా రిజెక్ట్. ధర మార్చినా, సంఖ్య పెంచినా వరస పోతుంది. సంఖ్య తగ్గిస్తే పోదు. సాయంత్రానికి ఆర్డరు చచ్చిపోతుంది, రోజూ కొత్తగా వేయాలి. రథయాత్రకి మనకి సెలవే గానీ ముంబైలో ట్రేడింగ్ మామూలే, మరిచిపోకండి.

జీటీటీ, స్టాప్‌లాస్ (ముందే చెప్పిన ధర తాకితేనే కదిలే ఆర్డర్లు) ఇక్కడ పనికిరావు. ట్రిగ్గర్ అయ్యాక వెళ్లి క్యూ చివర నిలబడతాయి.

కొండ ప్రాంతంలో నెట్‌వర్క్ మీకు తెలిసిందే. టీపిన్ (షేర్లు అమ్మేటప్పుడు డీమ్యాట్ ఖాతాకి కొట్టాల్సిన రహస్య సంఖ్య), ఓటీపీ అంటూ 9 గంటలకి కూర్చుంటే అయ్యే పని కాదు. డీడీపీఐ (అమ్మిన షేర్లు మీ ఖాతాలోంచి తీసుకోవడానికి బ్రోకరుకిచ్చే అనుమతిపత్రం) సంతకం చేసి ఇచ్చేస్తే రోజూ ఆ తిప్పలుండవు.

సర్క్యూట్ విడిచాక 8,000 ఒకేసారి వదలకండి, ధర మీరే పడగొట్టినట్టవుతుంది. సగటులో ఐదో వంతు, 240 చొప్పున అయితే 34 ట్రేడింగ్ రోజులు. అంత ఆగలేమంటే, వాల్యూమ్ ఒక్కసారిగా పెరిగిన రోజున ఎక్కువ వదలండి. ఈలోగా ఈ షేరు ఈఎస్‌ఎం (చిన్న కంపెనీల షేర్లపై ఎక్స్ఛేంజీ పెట్టే అదనపు నిఘా) రెండో దశలోకి వెళ్తుందేమో రోజూ చూస్తుండండి. వెళ్తే 2 శాతం బ్యాండు, పీరియాడిక్ కాల్ ఆక్షన్ (ఆర్డర్లు పోగేసి నిర్ణీత సమయాల్లో ఒకేసారి కలపడం). అప్పుడు 240 కూడా పోవడం కష్టం.